భీముడి ఏకాదశులు

మొన్న వానలో మా అపార్ట్‌మెంటు లిఫ్టు తలుపు తెరుచుకోగానే తడిసిన కుక్క వాసన గుప్పుమంది. నాలుగో అంతస్తువాళ్ళ పెద్ద కుక్క లోపల దర్జాగా నిలబడి ఉంది. తక్కినవాళ్ళు ముక్కులు మూసుకుని మెట్లవైపు నడిచారు. నేను మాత్రం ఎక్కి, దిగాల్సిన చోట దిగకుండా, దానితోపాటు నాలుగో అంతస్తు దాకా వెళ్ళి వచ్చాను.

బెజవాడకు పడవలో ఒక పూట ప్రయాణం, బందరు కాలువ పక్కన మా సాలెవారి వీధి. యుద్ధం రోజుల్లో నూలుకు కంట్రోలు వచ్చి, యుద్ధం ముగిశాక కూడా పోక, నూలు బంగారమైపోయింది. రెండిళ్ళకు కన్నాలు వేసి నూలు ఎత్తుకుపోయాక నాన్నకు కంటిమీద కునుకు లేదు. సరిగ్గా అప్పుడే, కాలువల పని చూసే దొర ఒకాయన తన దేశం వెళ్ళిపోతూ, దొరసానికి చీరలు అమ్మిన పరిచయం కొద్దీ, తన కుక్కను నాన్నకు ఇచ్చేశాడు. మాస్టిఫ్ అనే జాతిట. గోధుమరంగు ఒళ్ళు, మసి పూసినట్టున్న మొహం, వేలాడే పెదవులు. తల ఎత్తితే ఎనిమిదేళ్ళ నా భుజం దాకా వచ్చేది. భీముడని పేరు పెట్టింది నాన్నే.

"రోజుకి శేరు మాంసం పడాలండీ దీనికి," అని తోలుకొచ్చిన దొరగారి వంటవాడు చెప్పి వెళ్ళాడు. మా నాయనమ్మ భుజాల మీద శంఖచక్రాల ముద్రలు వేయించుకున్నప్పటి నుంచి మా ఇంట్లో నీచు మానేశాం. కోడిగుడ్డు కూడా గడప దాటి రాదు.

"మనింటి అన్నం తినేవాళ్ళు మనింటి ఆచారం పాటించాల్సిందే. కుక్కయితే మాత్రం ఏం?" అంది నాయనమ్మ.

అలా భీముడికి పప్పన్నం, మజ్జిగన్నం, పండగపూట గారెలు, శ్రావణమాసంలో నానబెట్టిన శనగలు. ఏకాదశి నాడు ఆవిడతోపాటు వాడికీ ఉపవాసం, ద్వాదశి నాడు ఇద్దరికీ ఒకేసారి వడ్డన. ఊళ్ళో ఇంత నిష్ఠగల వైష్ణవుడు ఇంకొకడు లేడని నాన్న వేళాకోళం చేస్తే ఆవిడ నిజంగానే పొంగిపోయేది. వాడికి పిడుదులు ఏరడం, కాలువలో స్నానం చేయించడం, అరిగిపోయిన కుంచెతో ఒళ్ళు దువ్వడం నా పని. తెల్లారకముందే వీధి పొడవునా నేతకు నిలువుపోగుల పడుగు చాచి, గంజి పట్టించి, మగవాళ్ళు కుంచెలతో దువ్వుతుంటే, ఆ పుల్లటి గంజి వాసనలో భీముడు పడుగు పక్కన పడుకునేవాడు. మేకా, దూడా అటు తొంగిచూసేవి కావు. మళ్ళీ కన్నం వేయడానికి వచ్చిన దొంగలు వాడి మొరుగు విని కాలువలో దూకి పారిపోయారు.

ఎనిమిది నెలలు గడిచేసరికి వాడి పక్కటెముకలు లెక్కపెట్టేలా తేలాయి, వెనక కాళ్ళు పట్టు తప్పాయి. ఒకరోజు మేకలు పడుగులో పడి తొక్కుతుంటే, వాడు లేవబోయి, లేవలేక, మా వైపు చూశాడు. నాలుగు రోజుల శ్రమ గంగపాలైంది.

"లేవలేని కాపలా మనకెందుకు, ఎవరికన్నా ఇచ్చేద్దాం," అన్నాడు నాన్న. ఆ రాత్రి నేను అన్నం ముట్టలేదు. నాయనమ్మ ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచింది, తాయెత్తు కట్టింది, అన్నంలో నెయ్యి పోసింది. ఫలితం లేదు.

బందరు నుంచి పడవలో వచ్చి చేపలమ్మే సత్తెమ్మ, మా ఇంటి ముందు కేక వేయకుండా దాటిపోయే మనిషి, ఆ రోజు ఆగింది. గంప దూరంగా దించి, వచ్చి వాడి డొక్క తడిమింది.

"రోగం కాదండీ అమ్మగారూ, ఆకలండి," అంది.

మర్నాడు ఏకాదశి. నాయనమ్మ పొద్దున్నే స్నానం చేసి, నామం దిద్దుకుని, కొత్త మట్టిచట్టి నా చేతికిచ్చి, గొలుసు తను పట్టుకుని కాలువ గట్టుకు బయలుదేరింది. భీముడు నాలుగడుగులకోసారి ఆగితే తనూ ఆగింది. సత్తెమ్మ నూకల్లో చేపలు ఉడికించి, ముళ్ళు ఏరి, చల్లార్చి చట్టిలో పెట్టింది. నాయనమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నీళ్ళవైపు తిరిగి కూర్చుంది. భీముడు చట్టి దాకా వెళ్ళి, మూతి పెట్టకుండా, ఆవిడ వీపు వైపు చూస్తూ నిలబడిపోయాడు. పెదవుల నుంచి చొంగ కారుతోంది.

"ఇవాళ ఏకాదశి కదా నాయనమ్మా," అన్నాను.

"నాకేనే. వాడికి కాదు," అంది. తర్వాత వెనక్కి తిరిగి, "తినరా నాయనా," అంది.

అప్పుడు తిన్నాడు. ఆవిడ కాలువలో మునిగి, తడిబట్టలతో ఇంటికొచ్చింది. ఆ రోజు నుంచి రోజూ వాడికి గట్టున చేపల కూడు పెట్టించి వచ్చేది; ధనుర్మాసం చలిలో సైతం ఆవిడకు రెండో స్నానం తప్పలేదు. మూడు నెలలకు భీముడు లేచి పడుగు పక్కకు చేరాడు. మరో అయిదేళ్ళు బతికాడు.

ఇప్పుడు ఆ వీధిలో మగ్గం చప్పుడు లేదు, పడుగు చాచేంత చోటూ లేదు. పడవలు పోయాయి, కాలువలో మునగాలంటే ధైర్యం కావాలి. అవన్నీ పోయినందుకు బాధే గాని, భీముణ్ణి తలచుకుంటే నాకు కలిగేది సిగ్గు. మేం భక్తి అనుకుని మురిసిపోయిందంతా వాడి ఆకలి. దొంగల్ని చూసి ఊరంతా లేచేలా మొరిగినవాడు, ఆ ఎనిమిది నెలల్లో తన కోసం ఒక్కసారి కూడా మొరగలేదు.