మదార్ తాత గిల్లి చూసిన పప్పు

ఖుబానీలు, అంటే ఎండు ఆప్రికాట్ పండ్లు, నానబెట్టిన నీళ్లకు ఒక వాసన ఉంటుంది. బెల్లం పాకం వాసనకూ ఎండు గడ్డి వాసనకూ మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఈ సాయంత్రం ఆ గిన్నె మూత తీసి, ఒక పండులో గింజ తీసేసి, కండను మెత్తగా నలిపి మా పాప చేతిలో పెట్టాను. అది తినలేదు. చెయ్యి నా వైపు చాపి, "అమ్మ గిల్లు" అంది. నేను గోటితో చివర గిల్లి నాలుక మీద వేసుకుని, "తీపి" అని చెప్పేదాకా నోరు తెరవలేదు. ఇడ్లీకీ అంతే, అరటిపండుకూ అంతే. జూన్‌లో దాన్ని ఇక్కడే, ఎమ్మిగనూరులో, బడిలో వేయాలి. అక్కడ దానికి ఎవరు గిల్లి చూసి పెడతారు? "నీ పిచ్చి బిడ్డకు అంటిస్తివి" అంటుంది మా అత్త. అంటించిన మాట నిజమే. నాకది ఆదోనిలో, మదార్ తాత దగ్గర అంటింది. పాప పడుకున్నాక, ఆయన్ను ఎన్నడూ చూడని మీకు ఆయన గురించి చెబుదామని కూర్చున్నాను. చెబితే నాకేమైనా తేలుతుందేమోనని ఆశ.

నేను ఆదోనిలో మా చిన్నమ్మ ఇంట్లో ఉండి డిగ్రీ చదివాను. పక్కిల్లే మదార్ తాతది. వీధి వైపు గదిలో బాదం, అక్రోటు, ఎండు ద్రాక్ష, ఖుబానీ అమ్మే చిన్న అంగడి. వెనక గదుల్లో ఆయన, కొడుకు, కోడలు షంషాద్ అక్క, నాలుగేళ్ల మనవరాలు నస్రీన్. కాలేజీ నుంచి వస్తుంటే ఏదో ఒక ప్రశ్న వేసి ఆపేవాడు.

"ఏమ్మా డిగ్రీ, దినామూ పోతాండావు కదా, ఈ ఖుబానీ యాడ కాస్తాదో సెప్పు సూద్దాం."

"కాశ్మీరులో తాతా."

"ఇంకా పైన. లద్దాఖు. ఆడ ఇండ్ల మిద్దెల మింద ఎండబోస్తారంట, మనం మిరపకాయలు ఎండబోసినట్ల."

"నువ్వు చూసినావా?"

"నేనా? ఆదోని కొండ ఎక్కితేనే నా మోకాళ్లు తలాక్ అంటాయి."

ఖుబానీ గింజ పగలగొడితే లోపల బాదం లాంటి చిన్న పప్పు ఉంటుంది. రంజాన్ పండక్కి వాళ్లింట్లో చేసే ఖుబానీ మీఠా అనే తీపి వంటకం మీద ఆ పప్పు చల్లడం ఆనవాయితీ. ఆ పని ఆయన ఎవరికీ ఇచ్చేవాడు కాదు. పండగ ముందు సాయంత్రం ఉపవాసం విడిచాక, బండ మీద గింజను అంచు మీద నిలబెట్టి, చిన్న సుత్తితో ఒక్క దెబ్బ వేసేవాడు. పప్పు చిట్లకుండా బయటికొచ్చేది. దాని కొసను గోటితో బియ్యపు గింజంత గిల్లి నాలుక మీద వేసుకునేవాడు. తియ్యనిది పళ్లెంలోకి. చేదుదైతే ఉమ్మేసి, నోరు పుక్కిలించి, ఆ పప్పును మూత ఉన్న డబ్బాలో వేసేవాడు. పిల్లల చేతికి అందకుండా తర్వాత పూడ్చిపెట్టేవాడు. చేదు పప్పులో విషం ఉంటుందని ఆయనే చెప్పాడు. కొరికి చూస్తే సులువు కదా అంటే, "ఇంటింటికీ పంచేది. నీ మాదిరి ఎంగిలి పట్టింపు ఉండేవాళ్లు కూడా తింటారు. గిల్లితే ఎవరికీ దోషం లే" అన్నాడు. ఎంగిలి సంగతి నేనెప్పుడూ ఆయనతో అనలేదు. మా ఇంట్లో ఆ పట్టింపు ఉన్నదని ఎట్లా గమనించాడో!

"అన్నీ చూడాల్నా తాతా? బస్తా అంతా ఒకే తోటది కదా."

"తీపి సెట్టూ సేదు సెట్టూ పక్కపక్కనే ఉంటాయంట. మిద్దె మింద ఎండబోసినాక ఏది యాడిదో సూసేదానికి ఒకటే. కండ్లకు తెల్దు బేటీ, నాలికకే తెల్సాది."

రెండో ఏడాది పండక్కి ఆయన చూపుడువేలి గోరు చితికింది. అందుకే ఆ పని నాకిచ్చాడు. నాకది గొప్పగా అనిపించింది. మొదటి నలభై దాకా శ్రద్ధగా గిల్లాను. అన్నీ తియ్యగానే ఉన్నాయి. అదే రోజు నేను ఎమ్మిగనూరులో మా అమ్మానాన్నల దగ్గరికి పోవాలి, బస్సు టైమవుతోంది. మిగిలినవి గిల్లకుండానే పళ్లెంలోకి తోసేసి, "అయిపోయింది తాతా" అని చెప్పి లేచాను. డబ్బాలో ఒక్క చేదు పప్పు కూడా లేదు. ఆయన డబ్బా మూత ఎత్తి చూశాడు. ఖాళీ. మళ్లీ మూత పెట్టి, నన్ను బస్సుకు పొమ్మన్నాడు.

నేను తిరిగొచ్చాక చిన్నమ్మ చెప్పింది, పండగ రోజు నస్రీన్ మీఠా మీది పప్పులు ఏరుకుని గుప్పెడు తిన్నదట. మధ్యాహ్నానికి వాంతులు. ఆసుపత్రిలో ఒక రాత్రి ఉంచుకుని పంపారు. పప్పు వల్ల కావచ్చు, ఎండకు కావచ్చు, తాగిన షర్బత్ వల్ల కావచ్చు అన్నాడట డాక్టరు. నేను వాళ్లింటి గడపలో నిలబడేటప్పటికి షంషాద్ అక్క మామను ఇంకా వదల్లేదు.

"కండ్లకు అద్దాలు పెట్టుకున్నట్ల నాలిక్కూ పెట్టిచ్చుకో మామా. బిడ్డను సంపుకుంటాంటిమి."

"నేనే సూసినానమ్మా పప్పు. ముసిలి నాలిక, మోసం సేసె" అన్నాడు ఆయన, తల వంచుకుని.

నేను అక్కడే ఉన్నాను. నోట్లో మాట ఉంది. దాన్ని అట్లాగే మింగి, గడప దిగి వచ్చేశాను.

మరో నాలుగు రోజులకు పిలిచాడు. అంగట్లో బండ, సుత్తి, కొన్ని గింజలు పెట్టి ఉన్నాయి. "కూసో" అన్నాడు. కూర్చున్నాను. ఒక్కొక్కటీ పగలగొట్టి గిల్లాను. మూడోదే చేదు. నోరంతా మొద్దుబారింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చేదుకే అన్నట్టు ఆయన నీళ్ల చెంబు నా వైపు జరిపాడు. పళ్లెంలో ఇరవై దాకా చేరగానే ఆయన చెయ్యి చాపి గుప్పెడు తీసుకుని, చూడకుండానే నోట్లో వేసుకున్నాడు.

"గిల్లి చూడవా తాతా?"

"నువ్వు సూసినావు కదమ్మా" అన్నాడు నములుతూ.

ఆ మాటే నాకు అర్థం కాదు. నేను చేసింది తెలిసి క్షమించాడా? తెలిసి దెప్పాడా? ఏమీ తెలియక మామూలుగా అన్నాడా? అప్పుడే అడగాల్సింది. చదువు అయిపోయింది, పెళ్లయింది, తర్వాతి ఏడాదే తాత పోయాడు.

పోయిన నెల ఆదోనికి పెళ్లికి పోయినప్పుడు షంషాద్ అక్క కనిపించింది. ఇన్నేళ్లుగా దాచుకున్నది ఒక్క ఊపిరిలో చెప్పేశాను. ఆమె నా మొహంలోకి చూసింది.

"ఏ పండగమ్మా? నస్రీనా? అది సిన్నప్పుడు దినామూ కక్కుకుంటానే ఉండె. నీకు ఇదొకటి గుర్తా!" అని నవ్వి, నన్ను అన్నానికి లాక్కుపోయింది.

తేలిక పడాలో, బాధపడాలో తెలియలేదు. ఆమె మరిచిపోయినదాన్ని నేను మా పాప ప్రతి ముద్దకూ మోస్తున్నాను. తాత నుంచి నేను నేర్చుకున్నది జాగ్రత్త అనుకున్నాను. భయం అంటాడు మా ఆయన. ఒక్కొక్కసారి నాకూ అట్లాగే అనిపిస్తుంది. కానీ ఈ రాత్రి రాస్తుంటే ఒకటి తట్టింది. గిల్లడం తాత నాకు ఎన్నోసార్లు చూపించాడు. ఇంకొకరు గిల్లినదాన్ని చూడకుండా తినడం ఒక్కసారే చూపించాడు. ఆ ఒక్కసారిని నేను నేర్చుకోలేదు.

నేను చేయబోయేది సరైనదో కాదో తెలియదు. రేపు పొద్దున పాప పళ్లెంలో ఇడ్లీ పెట్టి నా చేతులు వెనక్కి కట్టుకుంటాను. "నువ్వు గిల్లి చూసి అమ్మకు చెప్పు" అంటాను. ఏడుస్తుందేమో. ఏడవకుండా ఒక ముక్క గిల్లి, నాలుక మీద వేసుకుని, "తీపి" అంటే మాత్రం, మిగతాది ఏమీ అడక్కుండా నా నోట్లో పెట్టించుకుంటాను. ఇడ్లీ తియ్యగా ఉండదు కదా అని కూడా అనను.