మేకుల్లేని ఇల్లు

మొన్న ఇక్కడ కువైట్‌లో సులైబియా వైపు వెళ్తే, ఒక పాత గోడౌన్‌ను పొక్లెయిన్ పూటలో నేలమట్టం చేస్తోంది. కారాపి చూస్తుంటే, ఒకప్పుడు మా ఆఫీసులో డ్రాయింగులు గీసిన మలేషియా పెద్దాయన గుర్తొచ్చాడు. మా ఆవిడ ఆయన్ని అన్నయ్యా అని పిలిచేది. మా చేపల పులుసులో కొబ్బరిపాలు పోస్తే ఇంకా బాగుంటుందని ప్రతిసారీ చెప్పి, ప్రతిసారీ రెండోమారు వడ్డించుకునేవాడు.

ఆయనది నది ఒడ్డున మలయ్ పల్లె. అక్కడి పాత ఇళ్లు మనిషెత్తు కొయ్య స్తంభాల మీద ఉంటాయట. వరదొస్తే నీళ్లు, ఎండాకాలంలో గాలి, కింది నుంచి వెళ్లిపోతాయి. చెక్క గోడలు, కిటికీల పైన పూలతీగలు చెక్కిన జాలీలు. ఎక్కడా మేకు ఉండదు. దూలాన్ని స్తంభంలో దూర్చి చెక్క చీలలు బిగిస్తారు. వాళ్ల ముత్తాత ఎగువూళ్లో ఉన్న ఇల్లంతా విప్పి, పడవల మీద తెచ్చి, అక్కడ నిలబెట్టాడట. ఇల్లు మారడమంటే అదీ, మనం మోసేది సామాన్లేగా అని మా ఆవిడ నవ్వేది.

ఒక ఏడాది వానలకు నది గట్టును కోసుకుంటూ ఆ ఇంటి మెట్లదాకా వచ్చింది. అక్కడుంటున్న ఆయన చెల్లెలు ఇల్లు విప్పించి మెరకకు చేర్చాలని పూనుకుంది. ఈయన ఇఖామా, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే పర్మిట్, రెన్యువల్‌లో ఉండి కదలలేకపోయాడు. ఓ శుక్రవారం ఉదయం మా హాల్లో కూర్చుని ఫోన్లో అంతా చూస్తున్నాడు. కప్పు దిగింది, గోడలు దిగాయి. నడిమి స్తంభంలో చీల మాత్రం రాలేదు. కూలీలు రంపం తెచ్చారు. స్తంభం కోస్తే ఆ ఇల్లు మళ్లీ నిలబడదు. ఆగితే నది ఆగదు. మా అల్మారా బిగించడానికొచ్చిన రాయచోటి వడ్రంగి పని మానేసి ఆ ఫోన్లోకే చూస్తున్నాడు.

"కొయ్యొద్దని చెప్పండి సార్," అన్నాడు నాతో. "వానకు చెక్క ఉబ్బింటాది. కప్పు తీసేసినారు గదా, రెండు దినాలు ఎండ తగలనీండి. అదే వదులైతాది."

నేను ఇంగ్లీషులో చెప్తే ఆయన మలయ్‌లో చెప్పాడు. చెల్లెలు నదివైపు చూసి ఏదో అంది. ఏమందని అడిగాను.

"నువ్విక్కడుంటే ఆగుతావా అంటోంది."

ఆగుతానని చెప్పినట్టున్నాడు. రంపం పక్కకు పోయింది.

అదృష్టం, మళ్లీ వాన పడలేదు. ఆ రెండు రోజులూ ఆయన ఆఫీసులో ఒక్క గీత తిన్నగా గీయలేదు. మూడోనాడు చెల్లెలు ఆ చీలను అరచేతిలో పెట్టి చూపించింది. ఇల్లు మెరకకు చేరింది. మెట్లు మాత్రం అప్పటికే నదిలో కలిశాయి. ఆయన మా వడ్రంగి చెయ్యిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

మరుసటి ఏడాది ఉద్యోగం ఖలాస్ అని ఆ ఇంటికే వెళ్లిపోయాడు. అప్పటి ఆయన వయసు ఇప్పుడు నాకొచ్చింది. ఏళ్లు రోజుల్లా జారిపోతున్న ఈ వయసులో, ఎండ కోసం ఎదురుచూసిన ఆ రెండు రోజులే నాకు చాలా పెద్దవిగా కనిపిస్తున్నాయి.