ఆగండి, ఏదో శబ్దం

మా శబ్దాల అన్నయ్యకు లోకంలో ఇంకెవరికీ వినపడని శబ్దాలు వినపడతాయి. అదీ సైకిల్ తొక్కుతున్నప్పుడే. అదీ అడవిలోనే. అదీ మనం మంచి ఊపు మీద ఉన్నప్పుడే.

"ఆగండాగండి. ఏదో శబ్దం వస్తోంది."

అంతే, అందరం దిగిపోవాలి. ఆయన సైకిల్ని తలకిందులుగా నిలబెట్టి, స్క్రూడ్రైవర్ మొన ఇరుసుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుంటాడు. మనం దగ్గకూడదు. నీళ్లు తాగవచ్చు గాని గుటక వినపడకూడదు. ఒకసారి ఆయన చెయ్యెత్తితే కొమ్మ మీద పిట్ట కూడా నోరు మూసుకుంది. కళ్లారా చూశాను. అబద్ధమనుకుంటే వెళ్లి ఆ పిట్టనే అడగండి.

ఆయన వృత్తి కుట్టుమిషన్లు బాగుచేయడం. ఆడవాళ్లు ఇంట్లోంచి ఫోన్ చేసి, ఫోన్ మిషన్ పక్కన పెట్టి తొక్కుతారు. ఈయన ఇక్కడ కొట్లో కూర్చుని, "బాబిన్ కింద దారప్పోగు ఇరుక్కుందమ్మా, తీసెయ్యండి" అంటాడు. తీస్తే ఉంటుంది. ఒకసారి బ్యాంకులో నిలబడి పైకి చూసి, "మేనేజరు గారూ, మీ కుర్చీ ఓ మూరెడు పక్కకి జరుపుకోండి" అన్నాడు. ఆయన జరుపుకున్నాడు. గురువారం ఫ్యాన్ ఊడిపడింది.

ఇక నా సంగతి. కాలేజీని రెండో ఏడాదిలోనే వదిలేశాను. చదువు నాకు అందక కాదు, నేనే దానికి అందక. సైకిలూ అలాగే తొక్కుతాను. ఓసారి దిగుడులో నా నీడ నన్ను అందుకోలేక మర్నాడు ఉదయం ఇంటికి చేరింది. అలాంటివాణ్ణి ప్రతి ఎగుడులోనూ నిలబెట్టి శబ్దం వినమంటే ఎలా ఉంటుంది? చీమల పుట్టలో నిలబడ్డట్టు ఉంటుంది.

మాతో వచ్చే మూడోవాడు మా మేనమామ. బేకరీ యజమాని. రోజూ కొట్లో అమ్ముడుపోని బన్నులు ఏమవుతాయో ఆయన్ని చూస్తే తెలుస్తుంది. యాభై ఎనిమిదేళ్ల వయసులో ఆయనకు ఒక కోరిక పుట్టింది. అడవి గేటు దగ్గర మొదలుపెట్టి, కొండంతా చుట్టి, మళ్లీ అదే గేటులోంచి బయటికి రావాలి. నలభై నాలుగు కిలోమీటర్ల అడవిదారి. సాయంత్రం ఆరింటికి గేటు వేసేస్తారు. ఆ తర్వాత లోపల ఎవరున్నా ఫారెస్టువాళ్ల జీపు వెళ్లి ఎక్కించుకొస్తుంది. మామయ్య మూడుసార్లు బయలుదేరాడు, మూడుసార్లూ జీపులోనే దిగాడు.

మూడోసారి అత్తయ్య గేటు దగ్గరే చెప్పేసింది. "ఇంకొక్కసారి జీపు దిగారంటే ఆ సైకిల్ని బేకరీ ముందు నిలబెట్టి బ్రెడ్డు బుట్టలు తగిలిస్తాను."

అత్తయ్య అన్నంత పనీ చేస్తుంది. మామయ్య గిటారు మీద ఇప్పుడు కేకుల ధరల పట్టిక వేలాడుతోంది.

అలా నాలుగోసారి బయలుదేరాం. తొమ్మిదింటికి గేటు దాటాం. నాలుగో కిలోమీటరు దగ్గరే మొదటి శబ్దం వచ్చింది.

"ఎక్కడన్నయ్యా?"

"పెడల్ దగ్గర. సన్నగా. చెక్క మీద గోరుతో గీకినట్టు."

"నాకేం వినపడటం లేదే."

"నువ్వు మాట్లాడుతున్నావు కదా."

మధ్యాహ్నానికి అలాంటివి ఐదు. మామయ్య ప్రతిసారీ పడిపోయిన మాను మీద కూలబడి, కాసేపటికి మాట వచ్చాక, "ఏమయ్యా, నువ్వు లేకపోతే నేను ఒక్క బిగిన వెళ్లిపోయేవాణ్ణి తెలుసా" అనేవాడు. నేను వాచీ చూసుకుంటూ సైకిల్ చుట్టూ తిరిగేవాణ్ణి. అన్నయ్య ఒక బోల్టు విప్పి, దాన్నే బిగించి, "ఇప్పటికి ఫర్వాలేదు" అనేవాడు.

నాలుగున్నరకి ఇంకా పదకొండు కిలోమీటర్లు మిగిలాయి. ఏడో శబ్దం వచ్చింది. నా ఓపిక పోయింది.

"దిగన్నయ్యా. నీ సైకిలు నాకియ్యి, నాది నువ్వు తొక్కు. నిన్ననే విప్పి, తుడిచి, గ్రీజు పెట్టి బిగించాను. అది కిక్కురుమందంటే మీసం తీసేస్తాను."

సైకిళ్లు మార్చుకున్నాం. గట్టిగా కిలోమీటరు వెళ్లామో లేదో, ఎగుడు సగంలో ఉండగా, "ఆగండాగండి" వినపడింది.

"అది నా సైకిలు."

"అవును. దీనికీ వస్తోంది."

స్క్రూడ్రైవర్ లాక్కున్నాను. నా సైకిల్ని నేనే తిరగేసి, ఇరుసుకు ఆనించి, చెవికి పెట్టుకుని చక్రం తిప్పాను. ఏమీ లేదు. పాలు తాగి పడుకున్న పసిపిల్లలా ఉంది. అన్నయ్యని నాలుగు మాటలు అందామని స్క్రూడ్రైవర్ చెవి నుంచి తీశాను.

అప్పుడు వినపడింది.

వెనక పది బారల దూరంలో మామయ్య హ్యాండిల్ మీదికి వాలిపోయి ఉన్నాడు. తడిచెక్కను రంపంతో కోస్తుంటే మధ్యమధ్యలో రంపం ఇరుక్కుపోయినట్టుంది ఆయన ఊపిరి. మమ్మల్ని పిలవడం లేదు. ఆగమనడం లేదు. ఆగమని అడిగే మనిషి కాదు ఆయన.

"వినపడిందా?" అన్నాడు అన్నయ్య మెల్లగా.

"వినపడింది."

"పది నిమిషాలు చూద్దాం. తగ్గుతుంది." అని స్పానర్ తీసి, చక్కగా ఉన్న నా బోల్టు విప్పడం మొదలుపెట్టాడు.

ఆలోచిస్తే దిగుళ్లలో ఒక్కసారీ శబ్దం రాలేదు. వచ్చినవన్నీ ఎగుళ్లలోనే. మరి మామయ్య రాని ఆదివారాల్లో కూడా శబ్దాలు వచ్చేవే, అప్పుడు ఎవరున్నారు? అన్నయ్య, నేను. ఆ లెక్క అక్కడితో ఆపేశాను.

"ఏమైందిరా?" అన్నాడు మామయ్య, మాట రాగానే.

"నా సైకిలే మామయ్యా. గ్రీజు సరిగా పెట్టలేదు."

"చేతగానప్పుడు చేతగాదని చెప్పాలి. ఎప్పుడు తీసేస్తావు మీసం?"

ఆ తర్వాత ఇంకో రెండు శబ్దాలు వచ్చాయి. రెండూ నాకే వచ్చాయి. అన్నయ్య కన్నా నేనే ముందు విన్నాను.

గేటు రెండు కిలోమీటర్లుందనగా ఆరుకి ఎనిమిది నిమిషాలు తక్కువ. మామయ్య వాచీ చూసుకున్నాడు. అది బాగా ఆకలేసినవాడు ఖాళీ పళ్లేన్ని చూసే చూపు.

"నువ్వు మామయ్యతో రా" అన్నాడు అన్నయ్య నా చెవిలో. "తొందరపెట్టకు. మాట్లాడించకు." అని నా సైకిలెక్కి వెళ్లిపోయాడు. అంత వేగంగా వెళ్లినవాణ్ణి నేను చూడటం అదే మొదలు. సైకిలు నాది కాబట్టి ఆ ఘనతలో సగం నాకే రావాలి.

మేము చివరి మలుపు తిరిగేసరికి ఆరూ పది. గేటు ఎందుకో వెయ్యలేదు. అడ్డకర్ర సగం దించి, దాని బరువంతా రెండు చేతులతో మోస్తూ నిలబడ్డాడు కాపలాదారు. కర్ర మొదట్లో అన్నయ్య గొంతుక్కూర్చుని, ఇరుసుకు స్క్రూడ్రైవర్ ఆనించి, కళ్లు మూసుకుని ఉన్నాడు. వినపడటం లేదని జీపు ఇంజను కూడా ఆపించాడట. డ్రైవరు దిగి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. అటుపక్క అత్తయ్య, బేకరీ వ్యాను తలుపు తీసి, నడుము మీద చేతులు పెట్టుకుని చూస్తోంది.

"సార్, టైమైంది" అన్నాడు కాపలాదారు గుసగుసగా.

"కదపకండి. ఈ ఇరుసులో ఏదో ఉంది. ఇంకొంచెం వినాలి."

కాపలాదారు ఊపిరి బిగబట్టాడు.

మామయ్య తల వంచుకుని, తన కాళ్లతో తనే తొక్కుకుంటూ, ఆ కర్ర కిందుగా బయటికి వెళ్లాడు.

అన్నయ్య కళ్లు తెరిచాడు. "ఆగిపోయింది. ఇక దించుకోండి."

కాపలాదారు కర్ర దించి, మళ్లీ ఎత్తి, మళ్లీ దించి చూశాడు. "నిజమే సార్, ఇప్పుడు రావడం లేదు."

"జీపులో రాలేదన్నమాట" అంది అత్తయ్య.

"జీపా?" మామయ్య సైకిల్ దిగలేదు. దిగితే మళ్లీ నిలబడగలడో లేదో ఆయనకే నమ్మకం లేనట్టుంది. "ఈ మహానుభావుడు దారి పొడుగునా శబ్దం శబ్దం అని నిలబెట్టకపోతే మూడింటికే వచ్చి నీకోసం ఎదురుచూస్తూ ఉండేవాణ్ణి."

అన్నయ్య చేతులు తుడుచుకుంటూ, "తప్పు నాదే మామయ్యా. వచ్చేసారికి సైకిలు మార్చేస్తాను" అన్నాడు.

"సైకిలెందుకయ్యా," అన్నాడు మామయ్య, "చెవులు మార్చుకో."