బావి కొలతల నోటుబుక్కు

నేను బడి మొహం చూడలేదు. మా నాయన ఇంట్లోనే అక్షరాలు దిద్దించి, స్తోత్రాలు చదువుకునేంత వరకు నేర్పాడు. అందుకే తొంభైల్లో ఒక కాలేజీ మేడమ్ నగర్తపేటలోని మా ఇంటికి వచ్చి నా చేతికి నోటుబుక్కు ఇచ్చినప్పుడు దాన్ని కళ్ళకద్దుకున్నాను.

ఆమె పరిశోధన మాలాంటి ఇళ్ళ గురించే. తమ బావిని రోజూ తామే కొలిచి రాసుకునేవాళ్ళకు నీళ్ళ మీద జాగ్రత్త పుడుతుందా లేదా అని చూడటం. నా పని సులువు. జానెడుకో ముడి వేసిన తాడుకు రాయి కట్టి బావిలోకి వదలాలి. గట్టు నుంచి నీళ్ళు తగిలేదాకా ఎన్ని ముళ్ళో తేదీ పక్కన రాయాలి.

"ఏమే, బావిని కొలిచేదేమిటే? అదేమన్నా రవిక కుట్టించుకుంటాదా?" అని మా అత్త నవ్వేది. మా ఆయనకేమో ఇది ఆడవాళ్ళ ఆట.

నేను మాత్రం స్నానం చేసి, దీపం పెట్టి, ఆ వెంటనే తాడు వదిలేదాన్ని. పుస్తకం మూలలకు పసుపు రాసి దేవుడి గూట్లోనే ఉంచాను. మేడమ్ మూణ్ణెల్లకోసారి వచ్చి అంకెలు ఎక్కించుకుని పోయేవారు.

"మీ పుస్తకం భలే నిండుగా ఉండాదమ్మా. ఒక్క దినమూ తప్పలేదు. నా థీసిస్‌లో మీ బావి గురించి రాస్తాను" అన్నారు ఒకసారి. బడికి పోని నా చేతిరాత అంత పెద్ద చదువులో చేరుతుందని నాకు ఒకటే ఆశ.

రెండో ఏడు చివర ఒక మధ్యాహ్నం ఆమె కాగితాలు పరుచుకుని కూర్చున్నారు.

"అమ్మా, నెలనెలా మూడు దినాలు మీ బావి అంకె కదలకుండా ఉండాదే, ఎట్లా? వాన కురిసిన దినాల్లో కూడా?"

హాల్లో మా ఆయన ఉన్నారు. మేడమ్‌ను వంటింట్లోకి పిలిచి చెప్పాను. నెలకు మూడు రోజులు నేను బయట ఉంటాను. బావి గట్టు తాకకూడదు, గూట్లో పుస్తకం ముట్టకూడదు. అత్తకు చూపు ఆనదు. నాలుగో రోజు తలస్నానం చేసి తీస్తే మూడు గళ్ళు బోసిగా కనిపించేవి. దేవుడి ముందుండే పుస్తకంలో ఖాళీ ఉంచబుద్ధి కాక, ముందు రోజు అంకెనే మూడుసార్లు రాసేదాన్ని.

"ఖాళీ వదిలుంటే చాలు కదమ్మా" అన్నారు మేడమ్. "సరే, ఆ దినాలు తీసేద్దాం. ఏవేవో చెప్పండి."

చెప్పలేకపోయాను. ఎండాకాలంలో నీళ్ళు నిజంగానే రోజుల తరబడి ఒకే ముడి దగ్గర నిలిచేవి. పుట్టింటికి పోయిన రోజులనూ అట్లాగే నింపాను. ఏది తాడు చెప్పిందో, ఏది నేను చెప్పానో నాకే తెలియదు.

"అయితే ఇది వాడేదానికి రాదమ్మా. నేనే మొదట్లో అడగాల్సింది. నేనూ ఆడదాన్నే కదా."

"ఏమంటా? బావికి రవిక సరిపోలేదా?" అని హాల్లోంచి అత్త.

పోతూ పోతూ మేడమ్ కొత్త నోటుబుక్కు ఇచ్చారు. ఒక్క మాట కోప్పడకుండా ఇచ్చినందుకు ఆ తల్లికి నేటికీ దణ్ణం పెట్టుకుంటాను. మళ్ళీ ఆమె రాలేదు. పరిశోధన ముగిసిందని విన్నాను. అందులో మా బావి లేదు.

నేను కొలుస్తూనే ఉన్నాను, బయట ఉన్న రోజులను ఖాళీగా వదిలి. చుట్టూ గోడౌన్లు లేచాయి, ఒక్కొక్కదానికీ ఒక బోరు. తాడు చాలక రెండుసార్లు ఇంకో ముక్క కట్టాను. రెండువేల సంవత్సరం దాటాక ఒక ఉదయం రాయి పొడిగా పైకి వచ్చింది. అరచేతిలో పెట్టుకుని తడిమాను. తేమ కూడా లేదు. "నీళ్ళు లేవు" అని రాశాను. వారం తిరక్కముందే మా ఆయన బావి మీద బండ మూయించారు.

పుస్తకం ఇంకా దేవుడి గూట్లోనే ఉంది. మిగిలిన పేజీలకు తేదీలు ముందే వేసి పెట్టుకున్నాను. వాటి పక్కన ఏమీ రాయలేదు.