శ్రీలత తాళంచెవికి రాహుకాలం

శ్రీలతను డ్రైవింగ్ నేర్చుకోవద్దన్నవాళ్ళందరినీ నిలబెడితే ఆ వరస నానక్‌రామ్‌గూడ షేర్ ఆటోల అడ్డా దాకా వస్తుంది. అందులో మొట్టమొదట నిలబడేది ఆమె మొగుడు స్వామి. "ఆడోళ్ళు కారు నడిపితె నలుగురు ఏమంటరే" అన్నాడతను. "ఆ నలుగురు వచ్చి మనింట్ల బియ్యం పోస్తరా?" అని అడిగి, శ్రీలత ఆ ఆదివారమే డ్రైవింగ్ స్కూల్లో పేరు రాయించుకుంది.

ఆమెది జోగిపేట పక్కన పల్లె. పట్నం వచ్చాక స్వామి ఒక టవరులో సెక్యూరిటీ గార్డుగా చేరాడు. ఆమె ఇంకో టవరు ఆరో అంతస్తులో హౌస్‌కీపింగులో చేరి, అయిదేళ్ళు అద్దాలు తుడిచింది. ఆ అద్దాల్లోంచి కిందికి చూస్తే రోడ్డు మీద కార్లు చీమల బారులా కనిపించేవి. అన్నిట్లోనూ మగవాళ్ళే కూర్చుని ఉండరు కదా అని ఆమెకు పట్టుదల పుట్టింది. పట్టుదల పుట్టాక ఆమెను ఆపడం ఎవరి తరమూ కాదు. లైసెన్సు రెండోసారికి వచ్చింది.

నార్సింగిలో తొమ్మిదో అంతస్తు ఫ్లాటులో ఉండే కిరణ్మయి తన అత్తగారి కోసం ఆడ డ్రైవరును వెతుకుతుంటే, అపార్ట్‌మెంటు వాచ్‌మన్ శ్రీలత పేరు చెప్పాడు. కిరణ్మయి, ఆమె భర్త ఇద్దరూ ఐటీ ఉద్యోగులు. ఇంట్లో పగలంతా ఉండేది అత్తామామలే. మామగారు సీతారామాంజనేయులుగారు భీమవరం మనిషి, ఇరిగేషన్ శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. అత్తగారు వీరలక్ష్మిగారికి మోకాళ్ళ నొప్పులు, గుళ్ళూ గోపురాలూ, మణికొండలో ఇద్దరు స్నేహితురాళ్ళూ ఉన్నారు. మొదటిరోజే కిరణ్మయి పాత పెట్రోలు కారు తాళంచెవి తెచ్చి శ్రీలత చేతిలో పెట్టి, "ఇది నీ దగ్గరే ఉంచుకో, మాటిమాటికీ పైకి ఎక్కి రాకు" అంది. రెండేళ్ళపాటు ఆ తాళంచెవి శ్రీలత నడుముకే ఉంది.

తర్వాత పెద్దాయన తన పేరున కరెంటు కారు కొన్నారు. ఆ బండికి ఫోనే తాళంచెవి. జేబులో ఫోను పెట్టుకుని దగ్గరికి వెళ్తే అద్దాలు రెండూ చెవుల్లా విచ్చుకుంటాయి, తలుపు తెరుచుకుంటుంది, సీట్లో కూర్చుని గేరు వేస్తే కదులుతుంది. ఫోను తెరవక్కర్లేదు, నంబరు నొక్కక్కర్లేదు. పూజ రోజున పంతులుగారు పళ్ళెంలో తాళంచెవి పెట్టమంటే, లేనిదాన్ని ఎక్కణ్ణుంచి తెస్తాం, పెద్దాయన ఫోనే పెట్టారు. పంతులుగారు అలవాటు కొద్దీ దాని మీద కుంకుమ నీళ్ళు చల్లారు. మర్నాడంతా పెద్దాయన తీసిన ఫోటోలన్నీ ఎర్రగానే వచ్చాయి.

"చూశావా శ్రీలతా, నన్ను గుర్తుపడుతోంది!" అని ఆయన రోజూ మురిసిపోయేవారు. బండి గుర్తుపట్టేది ఆయన్ని కాదని, ఆయన జేబులో ఫోన్ని అని శ్రీలతకు తెలుసు. పెద్దమనిషి సరదా ఎందుకు చెడగొట్టాలని ఊరుకుంది.

ఆమె ఫోనులోకి కూడా ఒక తాళం పంపించారు. అక్కడే వచ్చింది చిక్కు. ఆ బండి యాప్‌లో డ్రైవరు తాళం ఏ గంట నుంచి ఏ గంట దాకా పనిచేయాలో, ఎప్పుడు పనిచేయకూడదో యజమాని రాసి పెట్టవచ్చు. ముప్పై ఏళ్ళు కాలవ తూములకు తాళాలు వేయించిన మనిషి చేతికి ఈ సదుపాయం చిక్కితే ఊరుకుంటారా? ఒకరోజంతా ఎడమవైపు పంచాంగం, కుడివైపు ఫోను పెట్టుకుని కూర్చుని, వారంలో ఏడు రోజులకూ రాహుకాలం ఎక్కించారు. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది, మంగళవారం మూడు నుంచి నాలుగున్నర, ఇలా. ఆ గంటన్నర శ్రీలత తాళం చచ్చినట్టే. నడుస్తున్న బండి ఆగదు గానీ, ఒకసారి దిగి తలుపు వేసిందంటే మళ్ళీ తెరుచుకోదు. ఫోను లేకపోయినా తలుపు తెరిచే కార్డు ఒకటి బండితోపాటు వస్తే దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు.

శ్రీలత నాస్తికురాలేమీ కాదు. మెడలో ఎల్లమ్మ దారం ఉంది, అమావాస్యనాడు కొత్త చీర కట్టదు. కానీ ఒక బుధవారం మధ్యాహ్నం పన్నెండింటికి మణికొండ కూరగాయల మార్కెట్టు ముందు ఆమె నిలబడిపోయింది. చేతుల్లో రెండు సంచులు, తలుపు తెరుచుకోదు, తన అన్నం డబ్బా లోపల సీటు మీద నుంచి వెక్కిరిస్తోంది. గంటన్నర ఎండలో నిలబడి వచ్చి ఆ సంగతి చెబితే పెద్దాయన నవ్వారు. "పన్నెండు కాకముందే డబ్బా బయటికి తీసుకోవాల్సిందమ్మా" అన్నారు.

"రాహుకాలం బండికా సార్, నాకా?" అని అడిగింది.

"అందరికీను."

"మరి మీ ఫోనుకు పెట్టుకున్నరా?"

 యజమాని తాళానికి అలాంటి కట్టడి ఉండదు. ఆ మాట ఆయన నోటితో అనలేదు, శ్రీలతకు మాత్రం వినిపించింది. 

ఆ తర్వాత ఒక గురువారం మధ్యాహ్నం రెండు కావస్తోంది. గురువారం రాహుకాలం ఒకటిన్నర నుంచి మూడు. శ్రీలత సెల్లారులో కూర్చుని ఉంటే పైనుంచి వీరలక్ష్మిగారు ఫోను చేశారు. మాట సరిగ్గా రాలేదు, "పైకి రామ్మా" అన్న ముక్క మాత్రం తెలిసింది. వెళ్ళి చూస్తే ఆవిడ సోఫాలో ఒరిగి ఉన్నారు. ఏసీ నడుస్తున్నా మొహమంతా చెమట. ఎడమ చెయ్యి కుడిచేత్తో పట్టుకుని ఉన్నారు.

"గ్యాసు" అన్నారు పెద్దాయన, జీలకర్ర నీళ్ళ గ్లాసు పట్టుకుని. "పొద్దున పెసరట్లు తింది. ఒంటిగంట నుంచీ ఇదే వరస. మూడు దాటనీ, డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం."

శ్రీలత ఆ చెమటను ఇదివరకు ఒకసారి చూసింది. టవరులో పనిచేసే రోజుల్లో ఒక టీమ్ లీడరు ఇలాగే చెయ్యి పట్టుకుని గ్యాసేనన్నాడు. మీటింగు అయ్యాక వెళ్తానన్నాడు. అతని కుర్చీ చుట్టూ నేల తుడిచింది ఆమే. అతను మళ్ళీ ఆఫీసుకు రాలేదు.

"గ్యాసు కాదు సార్ ఇది. లేవండ్రి, అంబులెన్సు వచ్చెదాక ఆగొద్దు, దవాఖాన పది నిమిషాలు. బండి తెరువుండ్రి."

"ఒక్క గంట. ఈ వేళప్పుడు గడప దాటిస్తే..." ఆయన గడియారం వైపు చూశారు. భార్య అంటే ప్రేమ లేక కాదు, భయం ఎక్కువై. ఏం చేయాలో తెలియని మనిషి తనకు తెలిసిన ఒక్క లెక్కను పట్టుకుని వేలాడుతున్నాడు. శ్రీలతకు ఆ సంగతి అర్థమైంది. అర్థమైనా జాలిపడే తీరిక లేదు. కిరణ్మయికి ఫోను చేస్తే ఎత్తలేదు.

డైనింగు టేబుల్ మీద పంచాంగం, దాని మీద పెద్దాయన ఫోను ఉన్నాయి. శ్రీలత ఫోను తీసి కుర్తా జేబులో వేసుకుంది. వీరలక్ష్మిగారి చంక కింద చెయ్యి వేసి లేపింది.

"నా ఫోను! ఏయ్, ఏమిటిది? అది ముట్టుకోవడానికి నువ్వెవరు?"

"డ్రైవర్ని సార్. తాళంచెవి నా దగ్గర్నే ఉండాలె. ఇగ మీరు వస్తరా, ఇంట్లనే కూసుంటరా, మీ ఇష్టం. పెద్దమ్మనైతె నేను తీస్కపోతున్న."

"ఇది దొంగతనం!"

"అవు సార్, దొంగతనమే. తర్వాత పోలీసులకు చెప్పుండ్రి. ఫోను కూడ నేనే ఇస్త."

వీరలక్ష్మిగారు చెప్పులు వేసుకోకుండా, శ్రీలత భుజం మీద బరువంతా వేసి లిఫ్టు వైపు నడిచారు. పెద్దాయన అరుస్తూనే వెనక వచ్చారు. సెల్లారులో శ్రీలత దగ్గరికి రాగానే అద్దాలు విచ్చుకున్నాయి. ఆ బండి ఆమెను రాహుకాలంలో గుర్తుపట్టడం అదే మొదటిసారి.

ఆస్పత్రిలో ఎమర్జెన్సీ డాక్టరు చూసీ చూడగానే స్ట్రెచరు మీద లోపలికి తీసుకెళ్ళమన్నాడు. నొప్పి ఎప్పుడు మొదలైందని అడిగాడు. "ఒంటిగంటకి" అన్నారు పెద్దాయన మెల్లగా. "మరి ఇంతసేపు ఏం చేస్తున్నారు?" అన్నాడు డాక్టరు. గుండె రక్తనాళం ఒకటి పూడిపోయింది, అప్పటికప్పుడు స్టెంటు వేయాలన్నాడు. శ్రీలత బండి కింద పెట్టి వచ్చి, ఫోను రెండు చేతులతో పెద్దాయనకు అందించింది. ఆయన దాన్ని కండువాతో తుడుచుకుని, మొహం తిప్పుకున్నారు.

పావుగంటలో శ్రీలత ఫోను మోగింది. "మీ తాళం తొలగించబడింది" అని ఉంది. పది అడుగుల దూరంలో కూర్చుని, ఒక్క మాట అనకుండా, ఆయన వేలితో ఆమె ఉద్యోగం తీసేశారు. మొహం మీద చెప్పి ఉంటే ఆమెకు ఇంత మండేది కాదు. అన్నం డబ్బా మళ్ళీ బండిలోనే ఉండిపోయింది. కిరణ్మయి పరుగున రావడం చూసి, పెద్దమ్మ ఒంటరిగా లేదని నిమ్మళించాకే ఆమె బయటికి నడిచింది.

"పొద్దున్నే పోయి సార్ కాళ్ళు మొక్కు" అన్నాడు స్వామి ఇంట్లో. "గసొంటి కొలువు మల్ల దొరకదు."

"తప్పు చేస్తె మొక్కుత. మంచి చేసి ఎందుకు మొక్కాలె? పెద్దమ్మను చూసొస్త, గంతే."

శుక్రవారం పదీ నలభైకి ఆమె ఆస్పత్రి గదిలో అడుగుపెట్టింది. వీరలక్ష్మిగారు దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. పెద్దాయన కిటికీ దగ్గర ఉన్నారు. కిరణ్మయి లేచి వచ్చి శ్రీలతను గట్టిగా పట్టుకుంది. ఆమె కళ్ళు వాచి ఉన్నాయి.

"మావయ్యగారూ, చెప్పండి" అంది కిరణ్మయి. రాత్రే మామా కోడళ్ళ మధ్య గట్టిగానే మాటలు జరిగాయని ఆ గొంతులో తెలుస్తోంది.

పెద్దాయన దగ్గారు. "నిన్న కోపంలో తీసేశాను. మళ్ళీ పంపిస్తాలే. పన్నెండు దాటాక."

శుక్రవారం రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు. గదిలో అందరికీ తెలుసు.

"వద్దు సార్" అంది శ్రీలత.

"వద్దా?"

"పన్నెండు తర్వాత వచ్చే తాళం నాకొద్దు. గంటలు కట్టిన తాళం అసలే వద్దు. రాహుకాలం మీకుంటె మీరు పాటించుండ్రి, నేనేమన్న అంటున్ననా? పెద్దమ్మ పాటిస్త అంటె ఆమెను తీస్కపోను. గని నా చేతులు కట్టేసి నన్ను డ్రైవర్ అనకుండ్రి. ఇస్తె గిప్పుడే ఇయ్యుండ్రి. లేకుంటె బండిల నా అన్నం డబ్బా ఉంది, అది ఇప్పించుండ్రి, పోత."

ఇంత మాట తనను ఎవరూ అనలేదన్నట్టు పెద్దాయన భార్య వైపు చూశారు. వీరలక్ష్మిగారు నలభై రెండేళ్ళుగా ఆయన ఏ గడియ చెబితే ఆ గడియకే గడప దాటిన మనిషి.

"ఏవండీ" అన్నారావిడ నీరసంగా. "నిన్న డాక్టరుగారు నా గుండె బాగుచేసింది ఎన్నింటికండీ?"

ఆయన చేతి గడియారం సర్దుకున్నారు.

"రెండు ముప్పావుకి. ఇంకా రాహుకాలం నడుస్తుండగానే. అది చెడ్డ గడియ అయితే, నేనిక్కడ కూర్చుని మీతో మాట్లాడుతున్నానేమిటి? ఇచ్చెయ్యండి ఆ పిల్లకి."

పెద్దాయన ఫోను తీశారు. చాలాసేపు వేలితో అటూ ఇటూ జరిపారు. శ్రీలత ఫోను మోగింది.

ఆమె థాంక్స్ చెప్పలేదు. నిలబడే ఉండి ఫోను తెరిచి, ఒక్కో వారం పేరు మీద వేలు పెట్టి చూసుకుంది. ఆదివారం ఖాళీ. సోమవారం ఖాళీ. మంగళ, బుధ, గురు, శుక్ర, అన్నీ ఖాళీ. చివరి వరస దగ్గర ఆమె వేలు ఆగింది.

"సార్, శనివారం తొమ్మిది నుంచి పదిన్నర ఇంకా అట్లనే ఉన్నది."

"శనివారం కదమ్మా, ఒక్కరోజే కదా..."

"శనివారం కూడ తీసెయ్యుండ్రి."

గదిలో ఎవరూ ఆయనకు సాయం రాలేదు. సీతారామాంజనేయులుగారు జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, పది యాభై నిమిషాలకు, శనివారం కూడా తీసేశారు.