భీమశంకరంగారు పెట్టిన పుట్టీ

భీమశంకరంగారికి పుట్టీ అంటే పడదు. ఎవరైనా ఆ మాట అంటే, "చిన్నపిల్లలు వింటారు, మెల్లిగా" అనేవారు. కారుకి తుప్పు పడితే ఆ మేర కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చెయ్యాలి. చిల్లుని పుట్టీతో పూడ్చి రంగేసేవాడు ఆయన లెక్కలో దొంగనోట్లు అచ్చేసేవాడే.

బందరు కోర్టులో గుమాస్తాగా రిటైరైన మనిషికి ఈ విద్య ఎలా అబ్బిందో ఎవరికీ తెలీదు. పెళ్ళికెళ్తే భోజనాలకన్నా ముందు బయట ఆగిన కార్ల తలుపులు, పుట్టీ ఉందేమోనని తట్టి చూసేవారు. ఓసారి పెళ్ళికొడుకు కారు తట్టొచ్చి, "ఆడపిల్లవారికి చెప్పాలా వద్దా" అని గంటసేపు మథనపడ్డారు.

నాగవంశీకి ఆయన పక్కింటి మావయ్య. డిగ్రీ మధ్యలో వదిలేసిన వంశీకి ఏ పనైనా పదిరోజుల్లో తేలిపోవాలి. ఓ పాత మారుతి కొన్నాడు, బాగుచేసి అమ్మేసి గుడివాడలో ఫోన్ల రిపేరు షాపు పెడదామని. "నేను చేసిపెడతాలేరా" అని మావయ్య దాన్ని తన పెరట్లోకి తోయించారు. అది జూన్ నెల. దసరా కూడా దాటిపోయింది.

రోజూ స్క్రూడ్రైవర్‌తో పొడవడం, అది దిగబడితే మొహం వెలిగిపోవడం.

"వంశీ, ఇంకో చిల్లు దొరికిందిరా."

"మీరు పొడిస్తే దొరికింది మావయ్యా. పొడవకపోతే అది కారే."

"పొడవకపోతే అది రంగేసిన అప్పడం."

వంటింట్లోంచి ఆయన భార్య రామలక్ష్మిగారు, "ఆ సేవేదో నా నడుముకి చేసుంటే ఈపాటికి పరిగెత్తేదాన్ని" అనేవారు.

చివరికి నాగాయలంక నుంచి ఫిలిప్ మాస్టారు బేరానికి వస్తానన్నారు. వెనకసీటు ముందు, కాళ్ళు పెట్టేచోట రేకు ఒక్కటే మార్చడానికి మిగిలింది. "వారం ఆగరా" అన్నారు మావయ్య. వంశీ ఆగలేదు. ఆయన పెడన వెళ్ళిన పూట చూసి చిల్లులో న్యూస్‌పేపర్ కుక్కి, పుట్టీ మెత్తి, నల్లరంగేసి, పైన మ్యాట్ పరిచేశాడు.

మాస్టారికి కారు నచ్చింది. "వెనకాల మా పిల్లలిద్దరూ కూర్చుంటారండీ" అన్నారు.

పెడన నుంచి తిరిగొచ్చిన భీమశంకరంగారు ఆ మాటకి మ్యాట్ ఎత్తి స్క్రూడ్రైవర్ దించారు. కింద నేలమీద పేపరు ఉండ పడింది. సినిమా పేజీ.

"ఇదెవరు చేశారండీ?" అన్నారు మాస్టారు.

వంశీ ఆ ఉండని కాలితో కారు కిందికి నెట్టాడు.

"నేనేనండీ" అన్నారు భీమశంకరంగారు. "తొందరలో పుట్టీ పెట్టేశాను."

చూద్దాంలెండని మాస్టారు వెళ్ళిపోయారు. అప్పుడు విరుచుకుపడ్డాడు వంశీ. "నా బేరం చెడగొట్టారు. మీకు మనుషులకన్నా తుప్పే ముఖ్యం."

భీమశంకరంగారు పుట్టీ పెట్టారట అని వీధంతా పాకిపోయింది. టీకొట్టు దగ్గర ప్రసాద్, "మావయ్యా, మా గోడకి కూడా కాస్త పెడుదురూ" అన్నాడు. "పెడతాలే" అని నవ్వి టీ తాగారు ఆయన. పక్కనే ఉన్న వంశీ సగం టీ వదిలేశాడు. తన తప్పు ఆయన మోస్తున్నారు సరే, తుప్పే ముఖ్యమన్న ఆ మాట తను అనకుండా ఉండాల్సింది. పైగా ఆ పుట్టీ మీద మాస్టారి పిల్లల కాళ్ళు.

అట్నుంచటే నాగాయలంక బస్సెక్కాడు.

"మాస్టారూ, ఆ పుట్టీ పెట్టింది నేనండీ."

"తెలుసు బాబూ. కారు కిందంతా అద్దంలా చేసిన మనిషి, అదొక్కటీ అట్లకాడతో రాసినట్టు చేస్తాడా? ఆయన ఇంక చాలన్న రోజు కబురు చెయ్యి, వచ్చి తీసుకెళ్తాను."

"మరి ఆ రోజు ఏమీ అనలేదేంటండీ?"

"పాపం, అలవాటు లేని అబద్ధంలా ఉంది. చెమటలు పట్టేశాయి ఆయనకి. మధ్యలో ఆపితే బాగోదని వచ్చేశాను."