పోతురాజు ముఖం మీది రంగులు

మా పక్క ఫ్లాటు వాళ్ళు గ్రిల్స్‌కి రంగులు వేయిస్తున్నారు. గోపాలపట్నంలో లారీల పొగకీ దుమ్ముకీ ఏనాడో అలవాటు పడిపోయిన నా ముక్కు, ఎనామిల్ పెయింటూ టర్పెంటైనూ కలిసిన ఆ వాసనను మాత్రం ఓర్చుకోలేకపోతోంది. వాసన చెడ్డదేం కాదు. చాలామందికి కొత్త ఇల్లు గుర్తొస్తుంది. నాకు మాత్రం మల్కాపురంలో మా పెంకుటింటి అరుగూ, అరుగు మీద పరిచిన గోనెపట్టా, దాని మీద వెల్లకిలా పడుకోబెట్టిన మా పోతురాజూ గుర్తొచ్చి, ఇన్నేళ్ళ తర్వాత కూడా ఒళ్ళు మండుతుంది.

పోతురాజంటే మా ఊరి అమ్మవారి తమ్ముడు. ఆయన చెక్క ముఖం తరతరాలుగా మా ఇంట్లోనే ఉండేది. చేటంత వెడల్పు, ఉరిమి చూసే గుడ్లు, చెవుల దాకా మీసం, ఎప్పుడో ఎవరో పడేస్తే పెచ్చు ఊడిన కింది పెదవి. మా సొంతూరు పరవాడ వెళ్ళే దారిలో ఉండేది. ఎండలు ముదిరి, తాటిముంజెలు దిగి, పిల్లలందరం మట్టిలో కాల్చిన జీడిపిక్కల జీడికి మూతులు పొక్కించుకుని తిరిగే రోజుల్లో పండగొచ్చేది. చలివిడీ, బూరెలూ, మర్నాడు కోడికూర. వీధంతా పసుపునీళ్ళ తడి, వేపమండల చేదువాసన. తాతయ్య ఆ ముఖం కట్టుకుని ఘటాల ముందు నడుస్తుంటే, పొద్దున నాకు ముంజె ఒలిచిపెట్టిన మనిషి ఈయనేనని తెలిసి కూడా నేను నాయనమ్మ కొంగులో దూరేదాన్ని.

పండగ ముందు ముఖానికి కొత్త రంగు వేసేవాళ్ళు. పాతది గీకకూడదు, దాని మీదే వేయాలి. ఆ ఏడు ఊళ్ళో మొదట ఎవరింట బిడ్డ పుడితే వాళ్ళే రంగు తేవాలి, ఏ రంగన్నది వాళ్ళ ఇష్టం. నేను పుట్టిన ఏడు మా వాళ్ళదే వంతయిందట, అంతకు ముందు అత్తా నాన్నా తాతా పుట్టినప్పుడూ అంతేనట. మధ్యాహ్నాలు నాయనమ్మ ఆ ముఖాన్ని ఒళ్ళో పెట్టుకుని, పెచ్చు ఊడిన పెదవి దగ్గర, కోసిన ఉల్లిపాయలా పొరలు పొరలుగా కనిపించే అంచును వేలితో తడిమి చూపించేది.

"ఇదిగో ఈ పసుపు నువ్వే గుంటా. కిందన పచ్చ మీ సిన్నత్త. దాని కిందన ఎరుపు మీ నాన్న. ఇంకా కిందన మీ తాత ఉన్నాడు, నాకు కనపడనేదు."

తాతయ్య పోయాడు. ఆ తర్వాత ఊరే ఉక్కు కర్మాగారం భూముల్లో కలిసిపోయింది. నాన్నకు పోర్టులో పని గనక మేం అప్పటికే మల్కాపురంలో ఉండేవాళ్ళం. ఆరేసిన బట్టలన్నీ ఇనప ఖనిజం దుమ్ముతో ఎర్రబారే ఆ ఇంటికి నాయనమ్మ, ఒక ట్రంకుపెట్టె, పాతచీరలో చుట్టిన పోతురాజు వచ్చారు. ఆయన అటకెక్కాడు. వర్షాకాలం మేం ఇంట్లో దాగుడుమూతలాడితే, ఎవరూ వెతకడానికి సాహసించని చోటు ఆ అటకే.

ఊరివాళ్ళకీ పక్కూరివాళ్ళకీ కలిపి గాజువాక అవతల ఒకే కాలనీ ఇచ్చారు. నాలుగేళ్ళు గడిచాక, మళ్ళీ పండగ చేద్దామన్నారు. అక్కడే చిక్కొచ్చింది. పక్కూరివాళ్ళకీ ఒక పోతురాజు ఉన్నాడు. ఒక అమ్మవారి ముందు ఇద్దరు పోతురాజులు నడవరు కదా. ఎవరి ముఖం పాతదని తేలితే ఆ ముఖమే నడవాలని, రెండోది గుడిలో మూలన కూర్చోవాలని పెద్దలు తీర్మానించారు. తండ్రి కట్టిన ముఖం తను కట్టాలని నాన్నకు ఎంత ఆశో! పండగ పేరెత్తితే చాలు, ఆయన నడకే మారిపోయేది.

ఇక మొదలైంది విచారణ. ఎక్కడిది, ఏనాటిది, ఎంత విలువైనది? నాయనమ్మను అడిగితే సోమవారం సముద్రంలో కొట్టుకొచ్చిందనేది, మంగళవారం కొండమీంచి ఎవరో సవరవాళ్ళు తెచ్చారనేది. పోర్టు గుమాస్తా ఒకాయన ఆఫ్రికాదేనని ఘంటాపథంగా చెప్పాడు. ఆయన ఆఫ్రికాలో చూసిందల్లా అక్కడి నుంచి వచ్చిన ఓడల్నే. ఇంకొకాయన ఏటికొప్పాక బొమ్మన్నాడు, మరొకాయన ఒరిస్సా అన్నాడు. తలో మాటా చెప్పి, టీ తాగి, వెళ్ళిపోయేవాళ్ళు. తెలీదు అని ఒక్కడంటే వాడి నోటి ముత్యాలు రాలిపోతాయా! చివరికి కాలేజీలో చరిత్ర చెప్పే మాస్టారొకాయన, కళ్ళజోడు సవరించుకుని ముఖాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత రంగు కింద ఏముందో ఎలా చెప్తామండీ? కింద చెక్క కనబడితే ఏమన్నా చెప్పొచ్చు" అని ఒక మాట అనేసి వెళ్ళిపోయాడు.

ఆ మాట ఎవరితో అన్నాడు? మా నాన్నతో! పోర్టులో మా నాన్న పని చిప్పింగు. ఓడ ఒంటికి పట్టిన పాత రంగునీ తుప్పునీ సుత్తితో కొట్టి, బ్రష్షుతో రుద్ది, ఇనుము తళతళలాడేదాకా వదలకపోవడమే ఆయన బతుకు. రంగు కింద ఉన్నదే అసలు సరుకని, పైనున్నదంతా వదిలించాల్సిన మురికని ఆయన చేతులకు ఏళ్ళ తరబడి నేర్పారు. ఆదివారం సంతకు నాయనమ్మ అటు వెళ్ళగానే, అరుగు మీద గోనె పరిచి, టర్పెంటైన్‌లో గుడ్డ ముంచి రుద్ది, ఉలితో గీకే పని మొదలుపెట్టాడు. ఎంత శ్రద్ధగా చేశాడో, చూస్తూ కూర్చున్న నాకు ముచ్చటేసింది. పెచ్చులు నా కాళ్ళ దగ్గర రాలుతున్నాయి, పసుపు, పచ్చ, ఎరుపు. అమ్మ వాటిని చీపురుతో ఊడ్చి వీధి కాలవలో పోసింది. వాటితో పాటు నేనూ పోయానని అప్పుడు నాకు తోచలేదు.

నాయనమ్మ వచ్చింది. అరుగు మీద తెల్లగా, నున్నగా మెరుస్తున్న చెక్కను చూసింది.

"ఎవుల మొకంరా ఇది?"

"మనదేనమ్మా! సూడు, ఎంత బాగా తేలిందో."

ఆవిడ సంచీ దించి పక్కన కూర్చుంది. పెచ్చు ఊడిన పెదవి కోసం వేలితో వెతికింది. ఆ అంచు కూడా నాన్న నున్నగా రుద్దేశాడు. "మనదెలాగవుద్దిరా? మనోళ్ళెవులూ ఇందులో నేరు" అని లేచి లోపలికి వెళ్ళిపోయింది.

కాలనీలో పెద్దల ముందు రెండు ముఖాలూ పెట్టారు. వాళ్ళది మసిబారి, పెయింటు పెచ్చులు కట్టి, చూస్తేనే భయమేసేలా ఉంది. మాది నిగనిగలాడుతోంది. పక్కూరి పెద్దమనిషి మా పోతురాజును వేలితో తట్టి నవ్వాడు. "ఏటి బావా, నిన్న సెక్కించి తెచ్చినావేటి?" అందరూ నవ్వారు. కొత్తదన్నారు, మూలన పెట్టమన్నారు. నాన్న తన చేతులు చూసుకున్నాడు. మూలన పెట్టనివ్వకుండా, ముఖాన్ని మళ్ళీ పాతచీరలో చుట్టుకుని బస్సెక్కాడు. ఆ తర్వాత ఏ పండక్కీ కాలనీకి వెళ్ళలేదు.

ఇప్పుడా కాలనీలో డాబాలు లేచాయి, పండక్కి మైకులొచ్చాయి. నాయనమ్మ లేదు, నాన్న లేడు. పోతురాజు మా హాల్లో గోడకున్నాడు. ఈమధ్య పాత చెక్కబొమ్మల సంగతి తెలిసిన ఒకావిడను పిలిచి చూపించాను. చాలాసేపు చూసి, చెక్క పాతదేనని, ఎక్కడిదో ఏనాటిదో చెప్పలేమని, రంగులుంటే చెప్పగలిగేవాళ్ళమని అంది. కోపం ఎవరి మీద చూపించను? చనిపోయిన నాన్న మీదా, పేరైనా గుర్తులేని ఆ మాస్టారి మీదా? ఆవిడకూ టీ ఇచ్చి పంపాను.

పొద్దున పక్క ఫ్లాటు గ్రిల్‌ను పెయింటరు కుర్రాడు గరుకు కాగితంతో బరబరా రుద్దుతుంటే ఉండబట్టలేక, పాత రంగు మీదే వేసెయ్యకూడదా అని అడిగాను.

"పాతది పోకపోతే కొత్తది అంటదమ్మా" అన్నాడు.

అంటుతుంది నాయనా. మా ఊళ్ళో తాత మీద నాన్న, నాన్న మీద అత్త, అత్త మీద నేను, అలాగే అంటుకుని ఉన్నాం.